వెనక తలుపు తీసే ఉండాది గదా!

తాళాలు తీసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకచోట చేరితే తాము నేర్పుగా తీసిన తాళాల గురించి పెద్దగా మాట్లాడుకోరు. పగలగొట్టి పరువు పోగొట్టుకున్న తాళాల గురించే మాట్లాడుకుంటారు. అదీ ఎవరో ఇంకొకరు చేసిన నిర్వాకంగానే చెబుతారు. బళ్ళారి కౌల్ బజారులోనూ, బెంగళూరు రోడ్డు పక్క సందుల్లోనూ గొడుగు కింద తాళంచెవుల గుత్తులు వేలాడగట్టుకుని కూర్చునేవాళ్ళ దగ్గర ఒక టీ తాగేంతసేపు నిలబడితే చాలు, ఇలాంటివి నాలుగైనా చెవిన పడతాయి. 1953లో జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకిచ్చి బళ్ళారిని మైసూరులో కలిపారు గానీ, బజారు మాటల్లో ఆ గీత ఎవరూ గీయలేదు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో సర్దుకుని కూర్చుంటాయి.

అలా చెవిన పడిందే ఇది. ఊరి నుంచి వచ్చిన ఇంటాయన తాళంచెవి పోగొట్టుకున్నాడు. పిలిపించుకున్న కుర్రాడు గ్రైండరుతో ముందు తలుపు బోల్టు కోయడం మొదలుపెట్టాడు. రెండు గంటలు పట్టింది. తలుపు చెక్క మాడింది, రంగు పోయింది, గోడ పెచ్చులూడింది. ఎదురింటి అరుగు మీద కూర్చుని మొదట్నించీ అంతా చూస్తున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది. "కొత్త తలుపు పెట్టిస్తాండారేమో అనుకుంటి నాయనా. వెనక తలుపు తీసే ఉండాది గదా!"

ఇంకోటి. తాళంలో విరిగిపోయిన చెవి ముక్కను బయటికి లాగడానికి ఒకాయన పుల్లకు సూపర్‌గ్లూ రాసి లోపలికి దోపాడు. ముక్క రాలేదు. పుల్లా రాలేదు. మూడోది బీరువా కథ. గ్యాస్ కట్టరు తెచ్చి తలుపు కోశారు. "లోపలి పట్టుచీరలు బాగుండాయా?" అని అడిగితే "ఉండాయి సార్, అన్నీ ఒకే రంగులో" అని జవాబు.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. అయితే వీటిలో నవ్వు గ్రైండరు మీదా కాదు, కట్టరు మీదా కాదని గమనించండి. అడ్డం ఎక్కడుందో చూడకుండా చెయ్యి చేసుకున్నవాడి మీద. రోగం ఒకచోట, మందు ఒకచోట. తాళం పనిలో ఆరితేరినవాళ్ళ శాస్త్రమంతా ఇక్కడే ఉంది. పనిముట్లు అందరి దగ్గరా ఉంటాయి. ఏది అడ్డుపడుతోందో కనిపెట్టడమే చేతకావాలి.

తాళం అంటే గట్టి వస్తువు అని మన నమ్మకం. గట్టిదనం దాని ఒంటికి ఉంటే ఉండవచ్చు, దాని బుర్ర మాత్రం కొలిచే యంత్రం. సన్నని పంటి చెవులతో తిరిగే తాళాల్లో ఇత్తడి పిన్నులు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో పిన్ను రెండు ముక్కలు, దాని మీద ఒక స్ప్రింగు. లోపల తిరిగే గుండ్రని దిమ్మకూ, దాని చుట్టూ ఉండే తొడుగుకూ మధ్య ఒక సరిహద్దు ఉంటుంది. సరైన చెవి పెట్టినప్పుడు ప్రతి పిన్నూ తన రెండు ముక్కల అతుకు ఆ సరిహద్దుకు వచ్చేంత మాత్రమే లేస్తుంది. ఒక్కటి ఎక్కువ లేచినా, తక్కువ లేచినా దిమ్మ తిరగదు. అయిదు పిన్నులు, ఒక్కో దానికి ఎనిమిది ఎత్తులు అనుకుంటే 32,768 రకాల చెవులు వస్తాయి. పురాతన ఈజిప్టులో కర్రతో చేసిన తాళాల్లోనూ ఈ ఊహే ఉంది. దాన్ని ఇవాళ మన జేబులో పట్టే రూపానికి తెచ్చినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్, 1861లో.

మన కొట్లకూ గోదాములకూ వేసే తాళంకప్పల్లో ఎక్కువ భాగం లీవర్ల రకం. రేకు పలకల్లాంటి ఇత్తడి లీవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కోదానికి ఒక గాడి. చెవి తిరిగితే అన్ని గాళ్ళూ ఒకే వరసలోకి వచ్చి గడియకున్న మొట్టకు దారినిస్తాయి. లీవరును తక్కువ ఎత్తినా తప్పే, ఎక్కువ ఎత్తినా తప్పే అన్న మెలికను 1778లో రాబర్ట్ బారన్ అనే ఇంగ్లీషువాడు పెట్టాడు. మన దేశంలో ఈ తాళాలకు అలీగఢ్ పేరు ముందు చెప్పాలి, దక్షిణాన దిండిగల్. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బీరువాలతో ఇంటింటి మాటైన గోద్రెజ్ కంపెనీ సైతం 1897లో బొంబాయిలో తాళాలతోనే మొదలైంది.

కొలిచే యంత్రం కాబట్టి దాన్ని మాయచేయాలన్నా కొలతతోనే చేయాలి. ప్రపంచంలో ఏ రెండు పిన్నులూ, ఏ రెండు రంధ్రాలూ అచ్చంగా ఒకేలా తయారుకావు. మిల్లీమీటరులో వందో వంతో, రెండు వందో వంతులో తేడా ఉంటుంది. అందుకే దిమ్మను కాస్త తిప్పి పట్టుకుంటే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు, ముందు ఏదో ఒకటి బిగుస్తుంది. తాళం విద్య అంతా ఆ ముందు బిగిసిన దాన్ని పట్టుకోవడంలో ఉంది.

ఈ పని ఎండలో, రోడ్డు పక్కన, ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. పనివాడు గాట్లు లేని ఖాళీ చెవిని తాళంలోకి దూర్చి అటూ ఇటూ గట్టిగా ఆడించాడు. బయటికి తీసి ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాడు. మామూలు కంటికి ఏమీ లేదు. అతను బొటనగోరుతో చూపించాక కనబడింది, ఆవగింజలో పావు వంతు ఉండే ఒక మెరుపు చుక్క. లోపల బిగిసిన పిన్ను మెత్తని ఇత్తడి మీద నొక్కిన గుర్తు అది. అక్కడ ఆకురాయితో ఒకే ఒక్క గీటు. మళ్ళీ లోపలికి, మళ్ళీ ఆడింపు, మళ్ళీ ఎండకు. ఒక పిన్ను తన సరైన ఎత్తుకు వచ్చిందంటే ఇక గుర్తు పెట్టడం మానేస్తుంది. గుర్తు పడితే గీటాలి, పడకపోతే వదిలేయాలి. తాళమే తన చెవి కొలతలు ఒక్కొక్కటిగా చెప్పేస్తుందన్నమాట. పనయ్యేసరికి తాళమూ తెరుచుకుంటుంది, కొత్త చెవీ చేతిలో ఉంటుంది. తాళం ఒంటి మీద గీత కూడా పడదు.

ఇప్పుడు సుత్తి దగ్గరికి వద్దాం. సుత్తి దెబ్బకు లీవర్లు వంగిపోతాయి, గాళ్ళు చెదిరిపోతాయి, స్ప్రింగులు ఊడతాయి. గడియ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మొట్టకు దారినిచ్చే గాళ్ళే చెదిరిపోయాక దాన్ని వెనక్కి జరపడానికి ఇంక మార్గం లేదు. ఆ తర్వాత సోఫా కింద అసలు తాళంచెవి దొరికినా ఫలితం ఉండదు. పగలగొట్టబోయి శాశ్వతంగా బిగించిన తాళాలు ఇలా తయారవుతాయి. పనివాళ్ళు ఎక్కువగా నవ్వేది వీటిని చూసే. "మాకంటే ముందు ఇంకొకడు చెయ్యి పెట్టిన బీగానికి రేటు వేరే సార్."

డ్రిల్లు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఇత్తడి మెత్తనిది, బిట్టు వెన్నలో దిగినట్టు దిగుతుంది. దిగినవాడికి ధీమా వస్తుంది. కాస్త ఖరీదైన తాళాల్లో ఆ దారిలోనే గట్టి ఉక్కు పిన్నొకటి దాచి ఉంటుంది. బిట్టు దాన్ని తాకగానే కీచుమంటుంది. కోయడం ఆగి రుద్దడం మొదలవుతుంది. రుద్దుడుకు వేడి పుడుతుంది. చవకరకం కార్బన్ ఉక్కు బిట్టు రెండు మూడు వందల డిగ్రీలకే పదును చచ్చి మెత్తబడుతుంది, మొన నీలం రంగుకు తిరుగుతుంది. హైస్పీడు ఉక్కు అయితే ఆరు వందల డిగ్రీల దాకా తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గడియ ఎదురైతే మరీ ప్రమాదం. కోయకుండా పైపైన రుద్దేకొద్దీ దాని పైపొర ఇంకా గట్టిపడుతుంది. చేతకానివాడు ఒత్తిడి తగ్గించి వేగం పెంచుతాడు, అంటే తన పనిని తానే మరింత కష్టం చేసుకుంటాడు.

సూపర్‌గ్లూ ఎందుకు మోసం చేసిందంటే, అది గాలికి ఆరే జిగురు కాదు. ఉపరితలాల మీద కంటికి కనబడని తేమ తగిలితే చాలు, అణువులు గొలుసుకట్టుగా కలిసిపోతాయి. పైగా పల్చటిది, సన్నని సందుల్లోకి తనంతట తానే పాకుతుంది. తాళం లోపలున్నవన్నీ సన్నని సందులే. గ్యాస్ కట్టరు సంగతి సరేసరి. మంట మూడు వేల డిగ్రీలు, బీరువా రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ, కాగితం 230 డిగ్రీల ప్రాంతంలోనే అంటుకుంటుంది. లెక్క మీరే వేసుకోండి.

అసలు తాళం ఎందుకు మొరాయించింది? తాళాన్ని దోషిగా నిలబెట్టే ముందు బళ్ళారి ఎండను విచారించాలి.

వేసవిలో ఇక్కడ గాలి వేడే నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబడిన ఇనుప గేటు అరవైకి చేరడం వింత కాదు. ఎండకు ఇత్తడి ఉబ్బి తాళం బిగిసిందని చాలామంది అంటారు. అది వట్టి మాట. ఇత్తడి, ఉక్కు ఉబ్బే రేట్లలో తేడా ఉంది నిజమే. అరచేతిలో పట్టే తాళంలో, పాతిక డిగ్రీల మార్పుకు ఆ తేడా మిల్లీమీటరులో వెయ్యికి నాలుగు వంతులు. వెంట్రుక మందంలో పదో వంతైనా లేదు. గేటును లెక్కవేస్తే సంగతి వేరుగా ఉంటుంది. రెండు మీటర్ల వెడల్పున్న ఇనుప గేటు తెల్లవారుజామున పాతిక డిగ్రీల దగ్గరుండి మధ్యాహ్నానికి అరవైకి వెళ్తే దాదాపు 0.8 మిల్లీమీటరు పెరుగుతుంది. గడియకూ దాని రంధ్రానికీ మధ్య ఉండే ఖాళీయే మిల్లీమీటరు. పొద్దున సులువుగా జరిగిన గడియ మధ్యాహ్నం రంధ్రం గోడకు ఆనుకుపోతుంది.

అలా ఇరవై కిలోల బరువుతో నొక్కుకుపోయిందనుకోండి. జిడ్డు లేని ఉక్కు మీద ఉక్కు జారడానికి అందులో సగం, అంటే పది కిలోల బలం కావాలి. రెండు వేళ్ళ మధ్య పట్టుకున్న చెవితో అంత రాదు. అప్పుడు మనిషి చేసే పని అందరికీ తెలిసిందే. కటింగ్ ప్లేయరు తెచ్చి చెవిని మెలిపెడతాడు. గాటు లోతుగా ఉన్నచోట చెవి పుటుక్కుమంటుంది. గేటును భుజంతో లోపలికి నెట్టి, లేదా కాస్త పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చెవి తిప్పి ఉంటే తెరుచుకునేది. వానాకాలంలో చెక్క తలుపులదీ ఇదే తంతు. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా కాదు. అందుకే ఇరుకు ఎప్పుడూ గడియ వైపే వస్తుంది. "తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని" అన్న సామెత ఉండనే ఉంది. దానికి తిరగేత కథ ఇది. గొళ్ళెం పట్టేసింది, తన్నులు తాళానికి.

రెండో ముద్దాయి దుమ్ము. సండూరు, హొసపేట వైపు ఇనుప ఖనిజం తవ్వి లారీల్లో తోలిన ప్రాంతమిది. 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపించక ముందు ఆ దారుల్లో చెట్ల ఆకులు సైతం ఎర్రగా ఉండేవి. ఆ ఎరుపు హెమటైటుది, ఐరన్ ఆక్సైడు. గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద ఇత్తడి మూడు దగ్గర ఉంటే హెమటైటు అయిదున్నర, ఆరు దగ్గర ఉంటుంది. మెత్తటి పొడి చేసిన ఐరన్ ఆక్సైడునే కంసాలులు బంగారం మెరుగు పెట్టడానికి వాడతారు. ఆ మెరుగు పొడి గాలికి మీ తాళంలోకి చేరుతుంది. తాళం బిగుతుగా ఉందని మీరు కొబ్బరినూనె పోస్తారు. పొడీ నూనే కలిసి ముద్దవుతాయి. రోజుకు నాలుగుసార్లు చెవి తిప్పుతూ లోపలి పిన్నులకు మీరే మెరుగు పెడుతుంటారు. పిన్ను మిల్లీమీటరులో పదో వంతు అరిగితే కొలత తప్పుతుంది, సరైన చెవే పరాయిదవుతుంది. పాత పనివాళ్ళు నూనె బదులు పెన్సిల్ ముల్లు పొడి వేయమంటారు. అది గ్రాఫైటు. కార్బను పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, జిడ్డు లేదు కాబట్టి దుమ్ము అంటుకోదు. ఏ ఇంట్లోనూ ఈ సలహా విన్న దాఖలా లేదు. కొబ్బరినూనె సీసా చేతికి అందేంత దూరంలో ఉంటుంది మరి.

అడ్డం ఎక్కడుందో, ముప్పు ఎటునుంచి ఉందో చూడకపోవడం అనే జబ్బుకు ఈ ఊళ్ళో ఒక పెద్ద కథే ఉంది. బళ్ళారి గుట్ట మీది కోటను హైదరలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత పటిష్ఠం చేయించాడు. పని పూర్తయ్యాక చూస్తే ఎదురుగా ఉన్న కుంబార గుట్ట ఇంకా ఎత్తు. అక్కడ ఫిరంగి పెడితే కోట లోపల అంతా గురిలోనే ఉంటుంది. కోపంతో ఆ ఇంజనీరును కోట గుమ్మం దగ్గరే ఉరితీయించాడని జనం చెప్పుకుంటారు. చరిత్రగా ఎంత నిజమో గానీ, తాళాల పనివాళ్ళు తమ కథల పక్కన పెట్టుకోదగినదే.

ఇనప్పెట్టెలు చేసేవాళ్ళు ఈ జబ్బును బాగా చదివారు. మంచి రకం పెట్టె తలుపు లోపల, తాళం ముందు ఒక గాజు పలక ఉంటుంది. ఎవడో డ్రిల్లుతో దిగితే గాజు పగులుతుంది, దానికి కట్టిన తీగలు వదులవుతాయి, స్ప్రింగులతో బిగబట్టి ఉంచిన అదనపు గడియలు విరుచుకుపడతాయి. ఇక అసలు నంబరు తెలిసినవాడు వచ్చినా తలుపు రాదు. తప్పుడు చెయ్యి పడిందని పసిగట్టే ఆలోచన పాతదే. 1818లో జెరెమయా చబ్ చేసిన తాళంలో ఏ లీవరునైనా ఎక్కువ ఎత్తితే అది అక్కడే చిక్కుకుపోయి, యజమాని వచ్చి చెవి తిప్పినప్పుడు సంగతి బయటపెట్టేది. ఆ చబ్ తాళాన్ని 1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 25 నిమిషాల్లో విప్పాడు. అంతకంటే పేరున్న బ్రామా తాళానికి పదహారు రోజుల్లో విడతలుగా 51 గంటలు పట్టింది. పందెం 200 గినీలు. అన్ని గంటలూ అతను ఏదీ పగలగొట్టలేదు, కొలిచాడు.

పెట్టె విరగకపోయినా తెరవడమే విధ్వంసం అయిన సందర్భమూ ఉంది. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోను భూకంపం, వెంటనే మంటలూ తినేశాయి. ఇనప్పెట్టెలు శిథిలాల్లో నిలిచాయి. ఆత్రం పట్టలేక వెంటనే తెరిచినవాళ్ళ కళ్ళ ముందే లోపలి కాగితాలు భగ్గుమన్నాయి. మంటకు కావలసిన వేడి లోపల ఉంది, లేనిది గాలి ఒక్కటే. తలుపు తీసి దాన్ని అందించారు. అందుకే బ్యాంకులవాళ్ళు పెట్టెలు చల్లారేదాకా రోజుల తరబడి కాపలా కాస్తూ కూర్చున్నారు.

భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ చెప్పిన ముచ్చట మాత్రం తాళాలవాళ్ళందరికీ నచ్చుతుంది. అమెరికాలోని లాస్ అలామోస్ అణు ప్రయోగశాలలో ఒక కెప్టెను పట్టుబట్టి భారీ ఇనప్పెట్టె తెప్పించుకున్నాడు. అతను వెళ్ళిపోయాక అది తెరవాల్సి వచ్చింది. అక్కడి తాళాలవాడు పెట్టెకు బెజ్జం పడకుండానే తెరిచేశాడు. ఇంతటి ఘనుడి రహస్యం తెలుసుకోవాలని ఫైన్‌మన్ వారాల తరబడి అతనితో స్నేహం చేశాడు. రహస్యం ఏమిటంటే, ఫ్యాక్టరీలో పెట్టి పంపే నంబర్లు రెండున్నాయి. కెప్టెను మార్చి ఉండడేమో అని అవి తిప్పి చూశాడు, రెండోదానికే వచ్చింది. ఆ తర్వాత ఫైన్‌మన్ తానే తన భవనంలో గదిగదీ తిరిగి చూస్తే దాదాపు అయిదింటికొకటి అలాగే తెరుచుకుందట.

పగలగొట్టక తప్పని రోజులూ ఉంటాయి. వాటికి చట్టం ఒక మర్యాద ఏర్పరిచింది. బ్యాంకు లాకరు తాళంచెవి పోతే, లేదా మూడేళ్ళు వరసగా అద్దె కట్టకపోతే లాకరును పగలగొట్టవచ్చు. 2021 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో పక్క లాకర్లకు దెబ్బ తగలకూడదన్న మాట కూడా రాసి ఉంది. డ్రిల్లు ఎటు జారుతుందో తెలిసినవాడే ఆ వాక్యం రాసి ఉండాలి. తెలంగాణలో ధర్మపురి నియోజకవర్గం 2018 ఎన్నిక వివాదం హైకోర్టులో నడుస్తుండగా, 2023 ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లా నాచుపల్లి కాలేజీలోని స్ట్రాంగ్ రూము తెరవబోతే తాళంచెవులు కనబడలేదు. కోర్టు అనుమతితో తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. పూరీ జగన్నాథుడి రత్నభాండారం కథ ఇంకా పొడుగు. 2018లో లోపలి గది తాళంచెవి లేదని గగ్గోలైంది, తర్వాత నకలు చెవి దొరికిందన్నారు. 2024 జులై 14న తీరా వెళ్ళి చూస్తే ఉన్న చెవులతో మూడు తాళాల్లో ఒక్కటీ రాలేదు. మెజిస్ట్రేటు సమక్షంలో కోసి తీశారు, కొత్త తాళాలు వేసి సీలు చేశారు. ఏళ్ళ తరబడి సముద్రపు గాలిలో కదలకుండా ఉన్న తాళాల్లో ఉప్పు తేమ చేసే పని ఊహించుకోవచ్చు. చెవి తప్పో, తాళం తప్పో తేల్చే ఓపిక ఆ రోజున ఎవరికుంటుంది?

ఇంత శాస్త్రం తెలిసిన పనివాడు కూడా అప్పుడప్పుడూ పగలగొడతాడు. చేతకాక కాదు. పగిలితే కొత్త తాళం అమ్ముడవుతుంది. అంతకంటే పెద్ద కారణం మన బేరమే. బళ్ళారి పనివాడొకాయన లెక్క ఇలా చెప్పాడు. "పని నేర్చుకునేటప్పుడు ఒక్కో బీగానికి గంట పడుతుండె సార్. చెమటలు చూసి అడిగినంత ఇచ్చి, టీ తాపించి పంపిస్తుండ్రి. ఇప్పుడు రెండు నిమిషాల్లో తీస్తే 'ఇంతదానికి మూడొందలా?' అంటారు."

"మరి ఏం చేస్తావన్నా?"

"రెండు నిమిషాల్లోనే తీస్తా. తీసినాంక చెప్పను. ఇంకో పావుగంట ఆకురాయితో గీకుతా కూర్చుంటా."